పేరు లేని వాయుగుండం, పేరున్న తుపాను: హెచ్చరికను ఇంటి గుమ్మం దాకా తెచ్చుకోవడం

2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ సమీపంలో తీరం దాటినదానికి పేరు లేదు. వాతావరణ శాఖ లెక్కలో అది తీవ్ర వాయుగుండం మాత్రమే. తుపాను స్థాయికి ఎదగలేదు కనుక దానికి పేరు పెట్టే అవసరమే రాలేదు. ఆ రాత్రికే అది కాకినాడకు దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదును ముంచెత్తింది. చెరువులు పొంగి, కట్టలు తెగి, దిగువ కాలనీలలో మొదటి అంతస్తు దాకా నీళ్లు చేరిన ఇళ్లున్నాయి. నాలుగేళ్ల తరువాత, 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర మరో వాయుగుండం తీరం దాటింది. దానికీ పేరు లేదు. ఆ వాన అక్కడికి నైరుతిగా 400 కిలోమీటర్ల అవతలనున్న విజయవాడ మీద కురిసింది. బుడమేరు గట్లకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి, ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది, మేడల మీద చిక్కుకున్న వారికి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించవలసి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 2013 నవంబరులోని లెహర్ తుపానుది. పేరుంది, బంగాళాఖాతం నడుమ అతి తీవ్ర తుపానుగా భయపెట్టిన చరిత్ర ఉంది, తీర గ్రామాలను ఖాళీ చేయించిన హడావుడీ ఉంది. తీరా నవంబరు 28న మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి అది వాయుగుండంగా నీరసించిపోయింది. జనం మూటలు విప్పుకుంటూ ఇళ్లకు తిరిగి వెళ్లారు.

ఈ మూడు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. తుపాను "ఎంత పెద్దది" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు, "నా ఇంటికి ఏమవుతుంది" అన్న ప్రశ్నకు జవాబు కాదు. టీవీలో ఎర్రని సుడి తిరుగుతున్నంతసేపూ మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. ఏ సామాను ఎక్కడ పెట్టాలో, ఇంట్లో ఉండాలో ఊరు విడవాలో తేల్చేది మాత్రం రెండో ప్రశ్న. ఈ రెండింటి మధ్య దూరం ఎందుకు వస్తున్నదో అర్థమైతే సన్నాహం సగం పూర్తయినట్లే.

కొలబద్ద దేనిని కొలుస్తుంది

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అంటూ సాగే వరుస అంతా ఒకే ఒక్క దాని మీద ఆధారపడుతుంది: సుడి చుట్టూ వీచే గాలి వేగం. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. 166 దాటితే అత్యంత తీవ్ర తుపాను. 222 చేరితే సూపర్ సైక్లోన్. 62 దగ్గర పేరు వస్తుంది. ఉత్తర హిందూ మహాసముద్రపు దేశాలు ముందుగా ఇచ్చిపెట్టిన జాబితాలోంచి వరసగా తీసుకోవడమే తప్ప ఆ పేరుకు, దాని తీవ్రతకు ఏ సంబంధమూ లేదు.

ఈ వరుసలో ఎక్కడా వాన లేదు. సముద్రమూ లేదు. ఎన్ని సెంటీమీటర్లు కురుస్తుందో, ఎంత నెమ్మదిగా కదులుతుందో, ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో ఈ మాటలేవీ చెప్పవు. నెమ్మదిగా కదిలే వాయుగుండం ఒకే పరీవాహకం మీద రోజంతా నీళ్లు కుమ్మరిస్తే, చకచకా దాటిపోయే తీవ్ర తుపాను కంటే ఎక్కువ ఇళ్లను ముంచగలదు. వాతావరణ శాఖ బులెటిన్‌లో వాన గురించి, గాలి గురించి, అలల గురించి, ఉప్పెన గురించి వేర్వేరు పేరాలు ఉంటాయి. వాటిని దాటవేసి శీర్షికలోని పేరును, గాలి వేగాన్ని మాత్రమే మనకు అందించడం వార్తా ఛానళ్లకు అలవాటైపోయింది. అది వారి తప్పు మాత్రమే అనలేం. పేరు పలకడం తేలిక, పేరా చదవడం కష్టం.

కాబట్టి తుపాను అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు ఆపదలున్నాయని గుర్తుపెట్టుకోవాలి: గాలి, ఉప్పెన, వరద. ఇవి మూడూ ఒకేసారి వచ్చినా ఒకేచోట ఒకే తీరుగా రావు. పైగా ఒకదానికి చేసే జాగ్రత్త మరొకదానికి పనికిరాదు, ఒక్కోసారి ప్రాణాంతకం కూడా అవుతుంది. గాలికి గట్టి గోడల మధ్య తలుపులు బిగించుకుని కూర్చోవడమే రక్ష. ఉప్పెన వచ్చే చోట అదే పని చేస్తే ఆ గదే బోను.

గాలి

గాలి వేగం రెండింతలైతే అది గోడ మీద, కప్పు మీద వేసే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న రేకుల షెడ్డు 120 కిలోమీటర్ల గాలిని రెట్టింపు కష్టంతోనైనా తట్టుకుంటుందని అనుకోవడం అందుకే పొరపాటు. ఇంకో సంగతి: కప్పును గాలి కిందికి తొక్కదు, పైకి లాగుతుంది. వాలు కప్పు మీదుగా వేగంగా జారే గాలి పైన పీడనాన్ని తగ్గిస్తుంది, చూరు కిందికి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి దూరిన గాలి కింద నుంచి నెడుతుంది. రేకు మొదట ఒక మూల దగ్గర టపటప కొట్టుకుంటుంది. అక్కడి బోల్టు రంధ్రం పెద్దదవుతుంది. ఆ రేకు లేచిన మరుక్షణం పక్క రేకుకు పట్టు పోతుంది. అందుకే రేకుల మీద ఇసుక బస్తాలు వేయడం కంటే, అంచుల వద్ద, మూలల వద్ద జె-హుక్కులు వాసానికి బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోవడం, వాసాలను గోడకు ఇనుప పట్టీతో కట్టించుకోవడం ఎక్కువ మేలు చేస్తాయి. ఈ పని తుపాను ముందురోజు అయ్యేది కాదు; వేసవిలో కప్పు మరమ్మతు చేయించినప్పుడే చేయించుకోవాలి.

డాబా ఇళ్ల వారికి గాలి భయం తక్కువని ఒక నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులకు డాబాలు నిలిచాయి కాని, వాటి మీద ఉన్నవేవీ నిలవలేదు. ఖాళీ నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, పూలకుండీలు, హోర్డింగుల రేకులు గాలిలో ఆయుధాలుగా మారాయి. గాలి చంపేది చాలావరకు ఇలాగే: కూలిన చెట్టు, విరిగిన స్తంభం, ఎగిరి వచ్చిన రేకు. నీళ్లు నింపిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువు ఉంటుంది, కదలదు. పైగా కరెంటు పోయాక అదే వారం రోజుల వాడకపు నీరు. ముందురోజు మోటారు వేసి ట్యాంకు నింపుకోవడం అన్న ఒక్క పని రెండు విధాలా కలిసివస్తుంది.

ఆ రోజు విశాఖలో చాలామంది ప్రత్యక్షంగా చూసిన మరో విషయం తుపాను కన్ను, అంటే సుడి నడిమధ్య భాగం. కన్ను పైకి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా తగ్గిపోతుంది, వాన తెరిపి ఇస్తుంది, ఆకాశం కాస్త వెలుగుతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చి, పడిన చెట్లను చూడటం, ఫోన్లలో ఫొటోలు తీయడం మొదలుపెడతారు. కన్ను దాటిన తరువాత గాలి అంతే జోరుగా, ఈసారి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అప్పటిదాకా ఒకవైపు వంగి నిలిచిన చెట్టు రెండోవైపు విసురుకు కూలుతుంది. గాలి క్రమంగా తగ్గితే తుపాను పోతున్నట్లు, ఒక్కసారిగా ఆగితే అది నడినెత్తిన ఉన్నట్లు.

ఉప్పెన

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో ఆనాడు చనిపోయినవారి సంఖ్య అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేలు. వారిలో అత్యధికులను చంపింది గాలి కాదు, సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చిన సముద్రం. నాగాయలంక వైపు సొర్లగొంది వంటి ఊళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. అయితే ఆ తుపాను కేంద్రం తీరం దాటింది దివిసీమలో కాదు, దానికి నైరుతిగా చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. కేంద్రం దాటిన చోటుకంటే పక్కన ఉన్న దివిసీమ ఎందుకు తుడిచిపెట్టుకుపోయింది అన్న ప్రశ్నలోనే ఉప్పెన లెక్క అంతా ఉంది.

మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తూర్పు నుంచి తీరానికి వస్తున్న తుపానుకు కుడివైపున, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున, అంటే దక్షిణాన, నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. కుడివైపున నీరు తీరానికి గుట్టగా నెట్టబడుతుంది, ఎడమవైపున కొన్నిచోట్ల సముద్రం వెనక్కి తగ్గినట్లు కూడా కనిపిస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు సముద్రం లోతు చాలా దూరం వరకు తక్కువ. నెట్టుకువచ్చిన నీటికి కిందికి దిగే చోటు దొరకక పైకి లేస్తుంది. ఆ సమయానికి పోటు కూడా ఉంటే దాని ఎత్తు కలుస్తుంది. 1864 నవంబరులో బందరును ముంచి దాదాపు 30 వేల మందిని బలిగొన్న ఉప్పెన వెనుకా ఈ లోతులేని సముద్రమే ఉంది.

ఇక్కడే ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే వాటిని చదవడంలో తెలుగునాట తరతరాలుగా ఒక పొరపాటు ఉంది. మచిలీపట్నంలో ఎనిమిది, విశాఖలో తొమ్మిది, కాకినాడలో పది అని వినగానే పరీక్ష మార్కుల మాదిరి పది పెద్దది, ఎనిమిది చిన్నది అనుకుంటాం. నిజానికి ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ఒకే తీవ్రతకు చెందిన అతి ప్రమాద సూచికలు. తేడా దిక్కులోనే ఉంది: ఎనిమిది అంటే తుపాను దారికి ఆ రేవు ఎడమవైపున ఉంటుందని, తొమ్మిది అంటే కుడివైపున ఉంటుందని, పది అంటే తుపాను ఆ రేవు మీదుగానో దానికి అతి సమీపంగానో వెళుతుందని. అయిదు, ఆరు, ఏడు కూడా ఇదే పద్ధతిలో, ఒక మెట్టు తక్కువ తీవ్రతకు. ఒకటి, రెండు దూరాన ఏదో ఉందని చెప్పేవి. మూడు, నాలుగు రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని చెప్పేవి. పదకొండు అన్నింటికన్నా పెద్ద తుపాను కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయన్న సూచన. ఇవన్నీ ఓడల కోసం పుట్టిన గుర్తులు, ఊళ్ల కోసం కాదు. అయినా పైన చెప్పిన కుడి ఎడమల లెక్క తెలిసినవారికి తొమ్మిదో నంబరు ఒక ముఖ్యమైన మాట చెబుతుంది: గాలి సముద్రం వైపు నుంచి రాబోతున్నది, నీటిని చూసుకోండి అని.

ఉప్పెన ముప్పున్న ఊళ్లో ఇంటిని ఎలా బలపరచుకోవాలన్న చర్చకు తావు లేదు. అక్కడ ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు బయలుదేరాలి. గాలి మొదలయ్యాక బయలుదేరితే రోడ్డు మీద చెట్లుంటాయి. కాల్వ కట్ట మీది దారి జారుతుంది. డెల్టాలో తీరపు ఊరి నుంచి మెరకకు పోయే దారి తరచు ఒక్కటే, అదీ వంతెన మీదుగానే. పగటి వెలుగు ఉండగా, గాలి ఇంకా పుంజుకోకముందే కదలడం తప్ప మరో మార్గం లేదు.

వరద

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఈ చిన్న లెక్కతో సెంటీమీటర్లకు రూపం వస్తుంది. వంద గజాల డాబా మీద 20 సెంటీమీటర్లు కురిస్తే అది దాదాపు 16,700 లీటర్లు, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైగా. ఒక వీధిలో వంద ఇళ్లుంటే మూడువందల ట్యాంకర్ల నీటిని అదే వీధిలో ఒకే రోజు వదిలినట్లు. ఆ నీరు పోవలసిన మురుగు కాల్వ మూడడుగులదై, అందులో సగం ప్లాస్టిక్ సంచులతో పూడిపోయి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి వాతావరణ శాస్త్రం అవసరం లేదు.

వాతావరణ శాఖ ఉదయం 8:30 నుంచి మరుసటి ఉదయం 8:30 వరకు కురిసినదానిని ఒక రోజు వానగా లెక్కిస్తుంది. అది 6.45 సెంటీమీటర్లు చేరితే భారీ, 11.5 దాటితే అతి భారీ, 20.4 దాటితే అత్యంత భారీ వర్షం. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు మాత్రం వాన కొలతలకు నేరుగా అతికించిన చీటీలు కావు. ఆ వాన వల్ల అక్కడ కలగగల నష్టమెంత, అది జరిగే అవకాశమెంత అన్న రెండింటినీ కలిపి రంగు నిర్ణయిస్తారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే చేయవలసినది చేసేయమని. ఎరుపు వచ్చాక సరుకుల కోసం బజారుకు బయలుదేరేవారు రంగుల అర్థాన్ని ఒక మెట్టు ఆలస్యంగా చదువుతున్నట్లు.

వరద విషయంలో తీరం నుంచి దూరం ధీమా ఇవ్వదు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటితే, మరుసటి రోజు నీట మునిగిన ఊళ్లలో వరంగల్, హనుమకొండ ఉన్నాయి. తీరం దాటింది అన్న వార్త తీరంలోని వారికి కొంత ఊరట కావచ్చు. లోపలి జిల్లాల వారికి అప్పుడే కథ మొదలవుతుంది. బుడమేరు విషయంలో ఇంకో పాఠం ఉంది. సింగ్‌నగర్ మునిగింది ఆ పేట మీద పడిన వానతో మాత్రమే కాదు, ఎగువన ఏరు మోసుకొచ్చిన నీటితో, కట్టకు పడిన గండితో. కొల్లేటికి పోవలసిన నీరు పేటలోకి తిరిగింది. వాన ఆగిన తరువాత నీరు పెరగడం చూసి జనం అయోమయపడ్డారు. ఇంటి మీద ఆకాశం తేటగా ఉన్నా, ఎగువ నీటిమట్టం ఎంతో, కట్ట పరిస్థితి ఏమిటో కనుక్కోవడం అందుకే ముఖ్యం.

ఇంటి లెక్క

ఇక ఇంటి దగ్గరికి వద్దాం. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవచ్చు. సముద్రపు పోటు చేరే కాల్వకో నదీముఖానికో మన ఊరు ఎంత దగ్గర, ఎంత ఎత్తున ఉంది? గడిచిన ముప్ఫై నలభై ఏళ్లలో మన వీధిలోకి నీళ్లు వచ్చాయా, వస్తే ఏ మెట్టు దాకా? మన కప్పు ఏ గాలికి నిలుస్తుంది? రెండో ప్రశ్నకు సరైన జవాబు చెప్పేది వీధిలో ఉన్న పెద్దవాళ్లే. కొత్త వెంచరులో ప్లాటు కొన్నవారికి ఆ నేల ఒకప్పుడు చెరువు శిఖమో, వాగు దారో తెలియదు. అలాంటిచోట పాత కాల్వ పేరో, పొలం పేరో అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. కుంట, మడుగు, లంక, పల్లం అన్న పేర్లు ఊరికే రావు.

తుపాను ఏర్పడవచ్చన్న తొలి సూచన సాధారణంగా మూడు రోజుల ముందే వెలువడుతుంది. తీరానికి నష్టం కలిగించే వాతావరణం మొదలుకావడానికి 48 గంటల ముందు అప్రమత్త ప్రకటన, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు లోపలి జిల్లాలకు కూడా వర్తించే తుది ప్రకటన వస్తాయి. ఇంటి పనులను ఈ మెట్లకు సరిపోల్చుకుంటే హడావుడి ఉండదు. మొదటి మెట్టు మందులది, డబ్బుది. బీపీ, షుగరు మాత్రలు, ఇన్సులిన్ పది రోజులకు సరిపడా తెచ్చుకోవాలి. కరెంటు లేని చోట ఇన్సులిన్‌ను తడిబట్ట చుట్టిన మట్టికుండలో పెట్టి చల్లగా ఉంచుకోవచ్చు. నెట్‌వర్క్ పోతే ఫోన్ పే, గూగుల్ పే పనిచేయవు, ఏటీఎంలు పనిచేయవు. హుద్‌హుద్ తరువాత విశాఖలో చిల్లర నోట్లున్నవారే పాలు కొనుక్కోగలిగారు. డయాలసిస్ చేయించుకునేవారు, నెలలు నిండిన గర్భిణులు ఈ మెట్టులోనే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరుకోవాలి, ఇరవై నాలుగు గంటల హెచ్చరిక కోసం ఆగకూడదు.

రెండో మెట్టులో ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టాలి. నీళ్లు వచ్చే వీధి అయితే బియ్యం, పప్పులు, గ్యాస్ బండ, ఇన్వర్టరు బ్యాటరీ ఎత్తుకు చేరాలి. నీటిలో తేలిన గ్యాస్ బండ రెగ్యులేటరుతో సహా కొట్టుకుపోయి లీకయిన సందర్భాలున్నాయి కనుక రెగ్యులేటరు తీసి, మూత బిగించి, బండను దేనికైనా కట్టివేయడం మేలు. పొయ్యి లేకుండా తినగలిగినవి ఉండాలి: అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశెనగ పప్పు, అరటిపళ్లు. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరైనా మూత ఉన్న బిందెల్లో, క్యాన్లలో పట్టి పెట్టుకోవాలి. ఫోన్లు, పవర్ బ్యాంకులు, టార్చిలైట్లు నిండా చార్జి చేసుకుని, బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంచుకోవాలి. టవర్లు పడిపోయిన రోజున ఆకాశవాణి ఒక్కటే వినిపించడం హాస్యం కాదు. అత్యవసర సహాయం 112, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లను ఫోన్‌లోనే కాకుండా గోడ మీద కూడా రాసి ఉంచుకోవడం పాతకాలపు పద్ధతే అయినా మంచిదే.

మూడో మెట్టులో చేయవలసినది కొద్దిదే. వెళ్లవలసినవారు వెళ్లిపోవాలి, ఉండవలసినవారు కిటికీలకు దూరంగా, ఇంటి నడి గదిలో ఉండాలి. నీళ్లు గుమ్మం తొక్కే సూచన కనిపించగానే మెయిన్ స్విచ్ ఆపాలి. నీళ్లలో నిలబడి ఆపబోవడం మాత్రం వద్దు.

తుపాను వెళ్లిన తరువాతి రెండు మూడు రోజులలో పోయే ప్రాణాలు చాలావరకు తప్పించదగినవి. నీళ్లలో పడి ఉన్న తీగ, తడిసిన గోడలోని స్విచ్, గుట్టల్లో చేరిన పాము, మూసిన గదిలో లేదా మెట్ల కింద నడిపిన జనరేటరు పొగ, కలుషితమైన బోరు నీరు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వాసన ఉండదు, సంగతి తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. జనరేటరు ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. నీటిని కాచి తాగాలి, కాచే వీలు లేకపోతే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. బురద కడగడానికి ముందే గోడ మీది నీటి చార, పాడైన సామాను, పడిపోయిన పంట ఫొటోలు తీసుకోవాలి. నష్టం రాసుకునేవారు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండటం ఇల్లాలి శ్రమకు గుర్తే కాని, దరఖాస్తుకు పనికిరాదు. కోసిన వరి పనలు తడిసితే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం చల్లమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. నవంబరు తుపానుల కాలంలో డెల్టా రైతు ఇంట్లో ఒక బస్తా కల్లుప్పు ఉండటం వెనుక కథ అది.

ఊరి లెక్క

ఇంటి సన్నాహం ఎంత బాగున్నా కొన్ని పనులు ఒక్క ఇంటి చేతిలో ఉండవు. కాల్వలో పూడిక, కరకట్టకు పడిన ఎలుక బొరియలు, వంతెన కింద అల్లుకున్న గుర్రపుడెక్క, తీరాన నరికేసిన మడ చెట్లు, సరుగుడు తోటలు ఊరంతటి వ్యవహారాలు. 1977 తరువాత తీరం పొడవునా కట్టిన తుపాను రక్షణ కేంద్రాలూ అంతే. స్తంభాల మీద ఎత్తుగా నిలబడ్డ ఆ భవనాలు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. ఏడాదిలో మూడువందల అరవై రోజులు వాటితో పని ఉండదు కనుక వాటిని గిడ్డంగులుగా వాడుకోవడం, చివరికి మరచిపోవడం కూడా మామూలే. నేను చూసిన ఒక తీరపు ఊళ్లో కేంద్రం తలుపుకు మంచి తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి వలస పనికి వెళ్లాడు. జనరేటరు ఉంది, డీజిలు లేదు. ఇలాంటివి అక్టోబరుకు ముందే ఒక సాయంత్రం తలుపు తీసి, జనరేటరు ఒకసారి నడిపి, మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకుంటే తేలిపోయే విషయాలు.

రమ్మంటే జనం ఎందుకు రారు అన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న. మూర్ఖత్వం అని తేల్చేయడం సులువు, తప్పు కూడా. ఇల్లు వదిలితే దొంగలు పడతారన్న భయం ఉంటుంది. వల, బోటు పోతే బతుకు పోయినట్లే కనుక జాలరి ఒడ్డునే కాపలా ఉంటాడు. 1996 నవంబరులో కోనసీమ తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు చనిపోయినవారిలో సముద్రంలో వేటలో ఉన్నవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారికి హెచ్చరిక చేరకపోవడం ఒక కారణమైతే, చేరినా తిరిగి వచ్చే వ్యవధి లేకపోవడం మరో కారణం. కేంద్రంలో వందమందికి రెండు మరుగుదొడ్లుంటే ఆడవాళ్లు రావడానికి జంకుతారు. మంచంలో ఉన్న ముసలమ్మను మెట్లు ఎక్కించేదెవరు అన్న ప్రశ్నకు జవాబు లేక ఆ కుటుంబం మొత్తం ఆగిపోతుంది. గేదెలను వదిలి రాలేనివారు ఉంటారు. కనీసం పలుపు విప్పి మెరకకు తోలితే అవి ఈది బతుకుతాయని, కట్టుగొయ్యకు ఉన్నచోటే చచ్చిపోయేవి ఎక్కువని దివిసీమ వారికి తెలుసు.

వీటన్నిటికీ మించి అడ్డుపడేది లెహర్ లాంటి అనుభవం. "క్రితంసారీ ఇంతే హడావుడి చేశారు, ఏం వచ్చింది?" అన్న మాట. ఆ తుపాను సముద్రం మీదే బలం కోల్పోవడం మన అదృష్టం. అది ఎక్కడ తీరం దాటుతుందో, ఎంత బలంతో దాటుతుందో ఒక రోజు ముందు చెప్పినప్పుడు కూడా పదుల కిలోమీటర్ల తేడా, ఒక మెట్టు తేడా ఉండటం సహజం. ఈ మాట తుపాను నెత్తిన ఉండగా మైకులో చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. చెప్పవలసిన సమయం జనం కేంద్రం నుంచి ఇళ్లకు తిరిగి వెళుతున్న ఆ ఉదయమే. ఈసారి ఎవరెవరు రాలేదో, ఎందుకు రాలేదో అక్కడే ఒక పుస్తకంలో రాసుకోవచ్చు: ఫలానా ఇంటి పెద్దాయనకు చక్రాల కుర్చీ కావాలి, ఫలానా వీధిలోకి ఆటో రాదు, ఆ చివరి ఇంటి ఆవిడ ఇద్దరు పిల్లలనూ పంపి తాను మాత్రం నాలుగు మేకల కోసం ఆగిపోయింది. మేకలకు కేంద్రం పక్కన ఎత్తయిన అరుగు ఒకటి కట్టడానికి పట్టేది రెండు ట్రాక్టర్ల ఇటుక, నాలుగు రోజుల పని.